తాత పెట్టెలో ఇత్తడి నక్షత్రం – ఇది ఏ యుద్ధానిది?

టెక్కలి_రాజా
అందరికీ నమస్తే. పండక్కి ఊరెళ్ళి అటక దులుపుతుంటే తాతయ్య పెట్టె బయటపడింది. మా ఇంట్లో దాన్ని ‘రంగం పెట్టె’ అంటారు. బర్మా టేకు, ఇద్దరు పడితే గానీ కదల్దు. అందులో గుడ్డలో చుట్టి ఆరు కోణాల నక్షత్రం ఒకటి ఉంది, ఇత్తడి రంగు. మధ్యలో కిరీటం, చుట్టూ ఇంగ్లీషు అక్షరాలు. రిబ్బన్ చీకిపోయింది గానీ ముదురు నీలం, నడిమధ్య ఎరుపు, అటూ ఇటూ నారింజ చారలు ఇంకా తెలుస్తున్నాయి. వెనక ఒక నంబరు, తాతయ్య పేరు (ఇంటిపేరు లేదు, ఉన్న పేరు కూడా తప్పుగా కొట్టారు), చివర ఐ.పి.సి. అని. తాతయ్య పోలీసు కాదు, దొంగా కాదు. మరి ఈ ఐ.పి.సి. ఏంటో!

ఆయన్ని నేను చూళ్ళేదు. నాన్న కూడా లేరు అడగడానికి. ‘మిలట్రీలో రోడ్లేశాడు’ అని మాత్రం చిన్నప్పుడు విన్నాను. అదే గుడ్డలో చిన్న వెండి కడియం కూడా ఉంది, పసిపిల్లల కాలిది. దానికీ దీనికీ సంబంధం లేదనుకుంటా. తెలిసినవాళ్ళు చెప్పండి.

చిల్లుకాణీ
రాజా గారూ, అది బర్మా స్టార్. రెండో ప్రపంచ యుద్ధానిది. 1941 డిసెంబరు 11 నుంచి 1945 సెప్టెంబరు 2 లోపు బర్మా రంగంలో పనిచేసినవాళ్ళకి ఇచ్చారు. రిబ్బన్‌లో నారింజ చారలు సూర్యుడికి గుర్తు.

ఇంకో సంగతి. ఇవే నక్షత్రాలు బ్రిటన్‌లో వాళ్ళ సిపాయిలకి పేరు లేకుండా ఉత్తివే పంపారు. మన దగ్గర ఇచ్చినవాటి మీద నంబరూ పేరూ కొట్టారు. అందుకే మీది ఎవరిదో తెలుస్తోంది. ఐ.పి.సి. అంటే పీనల్ కోడ్ కాదు లెండి, ఇండియన్ పయొనీర్ కోర్. దయచేసి చింతపండు పెట్టి తోమకండి. పాత నాణేలు కొనే నా దగ్గరికే వారానికొకరు తళతళలాడేలా తోమి తెస్తారు, చూస్తే కడుపు తరుక్కుపోతుంది.

బీచ్‌రోడ్ మాస్టారు
‘రోడ్లేశాడు’ అన్నమాట అక్షరాలా నిజం బాబూ. పయొనీర్ కోర్ అంటే తుపాకీ కంటే గునపం, పార ఎక్కువ పట్టిన సైన్యం. రోడ్లు, వంతెనలు, విమానాల మైదానాలు, సరుకు ఎత్తడం దించడం.

కొంచెం వెనక్కి వెళ్తే బాగా అర్థమవుతుంది. తెలుగువాళ్ళు, తమిళులు ‘యోధ జాతులు’ కారని ఇంగ్లీషువాళ్ళు ఒక సిద్ధాంతం పెట్టుకున్నారు. మొదటి యుద్ధం తర్వాత మద్రాసు పటాలాలను ఒక్కొక్కటిగా రద్దు చేసి, 1928 నాటికి మద్రాస్ రెజిమెంట్‌నే ఎత్తేశారు. ఇంజనీరింగ్ పనిచేసే మద్రాస్ సాపర్స్‌ను మాత్రం ఉంచుకున్నారు. తీరా రెండో యుద్ధం ముంచుకొచ్చి మనుషులు చాలకపోయేసరికి 1941లో అదే రెజిమెంట్‌ను మళ్ళీ లేపారు. సిద్ధాంతం ఏమైందో ఎవరూ అడగలేదు. 1939లో రెండు లక్షల చిల్లర ఉన్న సైన్యం 1945 నాటికి 25 లక్షలు. నిర్బంధ సైనిక సేవ లేకుండా అంత పెద్ద సైన్యం లోకంలో ఇంకోటి లేదు. చనిపోయినవాళ్ళు 87 వేలు.

మీ తాతగారు బహుశా అస్సాం, మణిపూర్ వైపు ఉండి ఉంటారు. దీమాపూర్‌లో రైలు దిగితే అక్కణ్ణించి కొహిమా, ఇంఫాల్, బర్మా సరిహద్దులోని తాము అనే ఊరి దాకా ఒకటే కొండదారి. వానాకాలం వస్తే సగం దారి లోయలోకి జారిపోయేది. మళ్ళీ వెయ్యడం, మళ్ళీ జారడం. 1944లో జపాన్ సేనలు కొహిమా, ఇంఫాల్‌ల దగ్గర ఆగిపోయి వెనుదిరిగాయంటే దాని వెనక ఆ దారి ఉంది. పుస్తకాల్లో సేనాధిపతుల పేర్లుంటాయి.

నిజం_నిష్ఠూరం
అంతా బాగానే ఉంది గానీ మాస్టారూ, ఒక్క మాట. తెల్లవాడి జీతం తీసుకుని తెల్లవాడి సామ్రాజ్యం కాపాడినవాళ్ళని ఇప్పుడు నెత్తిన పెట్టుకోవాలా? 1939 సెప్టెంబరు 3న వైస్రాయ్ లిన్‌లిత్‌గో మన నాయకుల్లో ఒక్కరినీ అడక్కుండా ‘ఇండియా యుద్ధంలో ఉంది’ అని ప్రకటించాడు. అందుకే గదా మద్రాసులో రాజాజీ మంత్రివర్గం దిగిపోయింది. 1942 ఆగస్టు 12న మా తెనాలిలో క్విట్ ఇండియా అన్నందుకు కాల్చి ఏడుగుర్ని చంపారు, రణరంగ చౌక్‌కి వెళ్ళి చూడండి. అటుపక్క నేతాజీ సేన అదే బర్మాలో అదే తెల్లవాడి మీద పోరాడింది. అంటే రాజా గారి తాత ఎవరి మీద పోరాడినట్టు?

టెక్కలి_రాజా
అన్నా, మా తాత రోడ్డు వేశాడంతే 😐

బీచ్‌రోడ్ మాస్టారు
నిష్ఠూరం గారి ప్రశ్నలో తప్పులేదు, ఎవరిని అడుగుతున్నామన్నదే తప్పు. పంతొమ్మిదేళ్ళ పాలేరు కుర్రాడిని అడగాల్సింది కాదు అది. ఇంట్లో తిండి లేదు, రిక్రూటింగ్ వాడు జీతం, బట్టలు, రెండు పూటలా భోజనం అన్నాడు. పోనీ ఊళ్ళో పెద్దలకైనా స్పష్టత ఉందా? కాంగ్రెసు వద్దంది. కమ్యూనిస్టులు మొదట సామ్రాజ్యవాద యుద్ధం అన్నారు, రష్యా మీద హిట్లర్ పడ్డాక ప్రజాయుద్ధం అన్నారు, 1942 జులైలో వాళ్ళ పార్టీ మీద నిషేధం పోయింది. ఒకే ఇంట్లో అన్న జైల్లో, తమ్ముడు పటాలంలో ఉన్న కుటుంబాలు నాకు తెలుసు.

ఇక నేతాజీ సేన. యుద్ధ ఖైదీలుగా పట్టుబడిన మన సిపాయిలే అందులో చాలామంది. అంటే నిన్నటిదాకా ఒకే మెస్‌లో తిన్నవాళ్ళు ఎదురెదురుగా నిలబడ్డారు.

ఓరుగల్లు_బిడ్డ
నేతాజీ ముచ్చటొచ్చింది గాబట్టి చెప్తున్న. 1943ల ఆయనతోని జర్మనీ నుంచి జలాంతర్గామిల వచ్చిన ఒకే ఒక్క మనదేశపోడు మా హైదరాబాదీ, ఆబిద్ హసన్ సఫ్రానీ. ‘జై హింద్’ అనే మాట కట్టింది గూడ ఆయననే అంటరు. ఇంకో దిక్కు మా నిజాం సర్కారు పైసలిచ్చినందుకు ఇంగ్లండు విమాన దళంల రెండు స్క్వాడ్రన్‌లకు హైదరాబాద్ పేరు పెట్టిన్రు, 110, 152. 152 వాళ్ళ బిళ్ళ మీదున్నది నిజాం దస్తారు, అంటే తలపాగ! ఆ రెండూ బర్మా మీదనే ఎగిరినయ్. కింద అడవిల హైదరాబాదోడు, మీద ఆకాశంల హైదరాబాద్ పేరు. గిట్లుంటది యుద్ధమంటే.

కని మా ఊర్లె యుద్ధమంటే విమానాలు గాదు, లెవీ. పండిన పంటల ఇంత సర్కారుకు కొలవాలె అన్నరు. దేశ్‌ముఖ్ గడీలకు తగ్గలె, చిన్న రైతు గరిసెలు ఊడ్చిన్రు. మా అవ్వ చెప్తుండె, గింజలు కుండల పెట్టి పొయ్యి కింద బొంద తీసి దాచేటోళ్ళట. 1946 జులై 4 నాడు కడవెండిల దొడ్డి కొమురయ్య పానం పోయిందని మనమందరం సదువుకున్నం. అంతకుముందు నాలుగేండ్ల లెవీ కోపం యాదికి పెట్టుకుంటెనే ఆ సాయుధ పోరాటం అర్థమైతది.

విశాఖ_వాసు
మాస్టారూ, జపాన్ వాడు వైజాగ్ మీద వందల బాంబులు వేశాడని, ఊరు సగం కాలిపోయిందని యూట్యూబ్‌లో చూశాను. నిజమేనా?

బీచ్‌రోడ్ మాస్టారు
నిజంలో పదో వంతు. 1942 ఏప్రిల్ 6, సోమవారం. ముందురోజు ఈస్టర్ నాడు కొలంబో మీద దాడి చేశారు. అదే సమయంలో అడ్మిరల్ ఒజావా దండు ఒకటి బంగాళాఖాతంలో దూరి వర్తక ఓడల్ని వరసపెట్టి ముంచింది, ఇరవైకి పైగా. ఆ దండులోని ర్యూజో అనే విమానవాహక నౌక నుంచి లేచిన కొద్ది విమానాలు విశాఖ మీద, కాకినాడ మీద బాంబులు వేసి పోయాయి. చచ్చిపోయినవాళ్ళు కొద్దిమందే. ఊరు కాలిపోలేదు. పేలని బాంబు తొడుగు ఒకటి విశాఖ మ్యూజియంలో ఉంది, బీచ్‌రోడ్ మీదే, చూసి రావచ్చు.

కానీ ఊరు ఖాళీ అయిపోయింది, అది నిజం. రైళ్ళు, బళ్ళు, దొరకనివాళ్ళు నడిచి. రేవు తెరిచి అప్పటికి తొమ్మిదేళ్ళు కాలేదు. సింధియా వాళ్ళ ఓడల కర్మాగారానికి రాజేంద్ర ప్రసాద్ గారు ముందు ఏడాది జూన్‌లోనే శంకుస్థాపన చేశారు. వాల్తేరు కొండ మీది ఆంధ్ర విశ్వవిద్యాలయాన్ని గుంటూరుకి మార్చి, ఆ మేడల్లో సైన్యం దిగింది. మద్రాసులో ఇంకా వింత. బాంబులు పడితే బోనులు విరిగి బయటికొస్తాయని జూలో పులుల్నీ సింహాల్నీ ముందే కాల్చేశారు. అప్పుడు బాంబులు మాత్రం పడలేదు.

చిల్లుకాణీ
నా పేరు ఆ యుద్ధం పెట్టిందే. రాగి చాలక 1943లో కాణీ మధ్య చిల్లు పెట్టి కొట్టారు. మా అమ్మమ్మ వాళ్ళు మొలతాడుకి కట్టుకుని ఆడుకునేవారట. వెండి రూపాయిలో వెండి 1940లోనే సగానికి సగం తగ్గిపోయింది, కాయితం రూపాయి మళ్ళీ వచ్చింది. నోట్లు అచ్చేసి యుద్ధం నడిపారు, ధరలు ఆకాశానికెళ్ళాయి.

చిల్లు పోయింది, రేషన్ కార్డు మిగిలింది. ఇవాళ మనం చౌక డిపో ముందు నిలబడే వరస అప్పుడు మొదలైందే. గడియారం కూడా మార్చారు! 1942 సెప్టెంబరు నుంచి 1945 అక్టోబరు దాకా దేశమంతా గంట ముందుకి జరిపారు. పాత జాతకాలు వేసుకునేవాళ్ళు ఇది చూసుకోండి, నవ్వులాట కాదు. 1943లో పుట్టిన మా పెదనాన్న లగ్నం ఇద్దరు సిద్ధాంతులు రెండు రకాలుగా చెప్పారు.

నిర్వాహకులు
జాతకాల మీద చర్చ వేరే పేజీలో పెట్టుకోండి. ఇక్కడ రాజా గారి నక్షత్రం గురించి.

కంచరపాలెం_కుమారి
రాజా గారూ, అందరూ నక్షత్రం గురించే మాట్లాడుతున్నారు, నాకు మీ పెట్టె మీద ఉంది మనసు. ‘రంగం పెట్టె’ అంటే అది సైన్యం నుంచి వచ్చింది కాదు. రంగం అంటే రంగూన్. మా ఇంట్లోనూ అలాంటిది ఉండేది. మాది బర్మా క్యాంపు, విశాఖలో బర్మా నుంచి తిరిగొచ్చినవాళ్ళ పేట.

మనవాళ్ళు రంగం వెళ్ళడం యుద్ధానికి చాలా ముందు సంగతి. కోరంగి రేవు నుంచి ఓడలెక్కినవాళ్ళు కాబట్టి బర్మావాళ్ళు తెలుగువాళ్ళందరినీ ‘కోరంగీ’లనేవారు. తర్వాత కాకినాడ, విశాఖ, భీమిలి, కళింగపట్నం. బియ్యం మిల్లులు, రేవు, రిక్షాలు, పాకీ పని. 1931 జనాభా లెక్కల్లో రంగూన్‌లో సగానికి పైగా మనదేశం వాళ్ళే. 1930 మే నెలలో రేవులో తెలుగు కూలీలు జీతాల కోసం సమ్మె కడితే, కంపెనీలు వాళ్ళ బదులు బర్మా కూలీలను దించి, తీరా రాజీ కుదిరాక వాళ్ళని పొమ్మన్నాయి. ఆ మంట మనవాళ్ళ మీద పడింది, నరుక్కున్నారు. యుద్ధం రాకముందే అక్కడ మనకి నేల కదలడం మొదలైంది.

1941 డిసెంబరు 23న రంగూన్ మీద బాంబులు పడ్డాయి, క్రిస్మస్ నాడు మళ్ళీ. మొదటి రోజు బాంబులంటే తెలియక జనం వీధుల్లో నిలబడి విమానాల్ని చూశారట. రేవులో పనిచేసేవాళ్ళే ముందు చచ్చారు. మిగిలినవాళ్ళు ఉత్తరాన ప్రోమ్ ఊరి దారి పడితే, కూలీలు పోతే రేవు ఆగిపోతుందని సర్కారు చాలామందిని నచ్చజెప్పి వెనక్కి తెచ్చింది. తీరా మార్చి మొదట్లో రంగూన్ వదిలేసి సర్కారే పారిపోయింది. డబ్బున్నవాళ్ళు ఓడల్లో, విమానాల్లో. మిగతా అందరూ కాలినడక.

దారులు మూడు. తౌంగుప్ కనుమ దాటి అక్యాబ్, అక్కణ్ణించి పడవల మీద చిట్టగాంగ్. లేదంటే చింద్విన్ నది మీద కలేవా దాకా వెళ్ళి, కబా లోయ దాటి తాము, ఇంఫాల్. ఆఖరికి మిగిలింది హుకాంగ్ లోయ మీదుగా అస్సాంలోని లెడో, వానల్లో. కలరా, మలేరియా, జలగలు. సుమారు అయిదు లక్షల మంది నడిచారంటారు. దారిలో ఎంతమంది పోయారన్నది పదివేల నుంచి లక్ష దాకా ఎవరికి తోచింది వాళ్ళు రాశారు. అంత తేడా ఎందుకంటే ఎవరూ లెక్కపెట్టలేదు. దొరలకో దారి, మనకో దారి అని ఢిల్లీ శాసనసభలోనే గొడవైంది.

మా తాత వాళ్ళు యుద్ధం అయ్యాక మళ్ళీ వెళ్ళారు. ఇల్లు, కొట్టు పెట్టుకున్నారు. 1962లో బర్మా జనరల్ నె విన్ సైన్యం వచ్చి కొట్లు జాతీయం చేసింది, 1964లో పెద్ద నోట్లు చెల్లవంది. ఓడెక్కి విశాఖలో దిగేటప్పుడు మా అమ్మ చేతికి ఒక్క గాజు ఉంది. ఒకే దారి రెండుసార్లు.

నిజం_నిష్ఠూరం
కుమారి గారూ, ఇది నాకు తెలీదు. నడక సంగతి వినడమే ఇది మొదలు. సిలబస్‌లో పెరల్ హార్బర్ ఉంది, ఇది లేదు.

పేరక్_తెలుగు
నమస్కారమండి, మలేసియా నుంచి రాస్తున్నాను. మా తెలుగు కొంచెం పాతది, తప్పులుంటే మన్నించండి. మా పెద్దలు బాగన్ దాతో దగ్గర కొబ్బరి తోటల్లో ఉండేవారు. జపాన్ వాళ్ళు వచ్చినాక సయాం (ఇప్పటి థాయిలాండ్) నుంచి బర్మాకి రైలు వెయ్యాలని మనుషులను తీసుకుపోయినారు. జీతం, బియ్యం ఇస్తామని మొదట. తర్వాత లారీ వచ్చి ఎక్కించుకోవడమే. తమిళులు ఎక్కువ, మన తెలుగువారు కూడా. 415 కిలోమీటర్ల దారి, 1942లో మొదలుపెట్టి ఏడాదిలో ముగించినారు.

నేను కాంచనబురి పోయినాను. అక్కడ ఇంగ్లీషు, ఆస్ట్రేలియా, డచ్చి ఖైదీల సమాధులు ఏడు వేల దాకా ఉన్నవి. ప్రతి రాయికీ పేరు, వయసు, పువ్వు మొక్క. ఆ రైలుదారిలో చచ్చిన సైనిక ఖైదీలు 12 వేల పైచిలుకు. ఆసియా కూలీలు తొంభై వేల దాకా అంటారు. వారిలో మా నాయనమ్మ అన్న ఒకరు. రాయి లేదు. ఇంట్లో ఆయన తిథి కూడా తెలియదు గనుక మహాలయ అమావాస్యనాడు పెడతాము.

బీచ్‌రోడ్ మాస్టారు
దీనికి బెంగాల్ కరువును కూడా కలపాలి. బర్మా పోవడంతో అక్కణ్ణించి వచ్చే బియ్యం ఆగింది. జపాన్ వాడికి దక్కకూడదని తీరంలో బియ్యం తీసేశారు, పడవలు లాక్కున్నారు. ఆపైన తుపాను, ధరలు, సర్కారు మొండితనం. 1943లో ముప్పై లక్షల మంది ప్రాణాలు. తుపాకీ దెబ్బకి చచ్చిన మన సిపాయిల కంటే ఎన్నో రెట్లు. వాళ్ళకీ రాళ్ళు లేవు.

రంగూన్ దగ్గర తౌక్యాన్‌లో ఒక స్మారకం ఉంది. సమాధి దొరకని సైనికుల పేర్లు 27 వేల దాకా స్తంభాల మీద చెక్కారు, మనవాళ్ళవే ఎక్కువ. రాజా బాబూ, మీ తాతగారు తిరిగొచ్చారు కాబట్టి అందులో ఉండరు. ఆయన రికార్డు కోసం మీ జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయంలో అడగండి. పయొనీర్ల శిక్షణ కేంద్రం బెంగళూరులో ఉంది, అక్కడికి నంబరు రాసి పంపండి. పేరు కంటే నంబరు ముఖ్యం, పేరు ఎలాగూ తప్పే కదా.

టెక్కలి_రాజా
అందరికీ దండాలు. నాలుగు రోజులు రాయలేదు, పలాసలో మా మేనత్త దగ్గరికెళ్ళాను. డెబ్బై అయిదు దాటాయి, వినికిడి తగ్గింది.

కుమారి గారూ, మీరు చెప్పిందే. పెట్టె తాతయ్యది కాదు. నాయనమ్మ తండ్రిది, రంగంలో బియ్యం మిల్లులో చేసేవాడట. యుద్ధానికి ముందు ఏడాది ఊరొచ్చినప్పుడు తెచ్చి పెట్టి, మళ్ళీ వెళ్ళాడు. నాయనమ్మ అక్కడే పుట్టింది. నడిచొచ్చినవాళ్ళలో ఉంది! మా ఇంట్లో ఈ ముక్క నాకెవరూ చెప్పలేదు.

కడియం గురించి అడిగాను. ‘అదా, మాయమ్మ తమ్ముడిదిరా’ అంది. అంతే, లోపలికెళ్ళిపోయింది. ఆదివారం మళ్ళీ వెళ్తాను, ఫోన్‌లో రికార్డు పెట్టుకుంటాను. ఏం అడగాలో చెప్పండి.

ఓరుగల్లు_బిడ్డ
ఏ దారిన వచ్చిన్రో అడుగు అన్నా. ఎంతమంది బయలెల్లిన్రు, ఎంతమంది చేరిన్రు.

కంచరపాలెం_కుమారి
అలా అడగొద్దు. దారి గురించి అడిగితే మా అమ్మమ్మ లేచి వెళ్ళిపోయేది. ఏం తిన్నారో అడగండి. తిండి గురించయితే మాట్లాడతారు. మణిపూర్ దారిలోనూ, లెడో దారిలోనూ అస్సాం తేయాకు తోటల వాళ్ళు క్యాంపులు పెట్టి అన్నం, టీ ఇచ్చారు. అది గుర్తుందేమో కదపండి.

టెక్కలి_రాజా
సరే అక్కా. టీ అంటే గుర్తొచ్చింది, మా నాయనమ్మకి టీ వాసనే పడేది కాదు. మేం తాగాలంటే వీధరుగు మీదికెళ్ళి తాగేవాళ్ళం. పైత్యం చేస్తుందేమో అనుకునేవాళ్ళం.

పేరక్_తెలుగు
ఏ మాట చెప్పినా, అత్తగారు చెప్పినది చెప్పినట్టే వ్రాయండి. దిద్దవద్దు.

టెక్కలి_రాజా
వెళ్ళొచ్చాను. రికార్డు నలభై నిమిషాలుంది, ఒక్క ముక్క మాత్రం రాస్తాను. అత్త మాటలే.

‘ఏటి తింతారు. అటుకులు, బెల్లం మూటకట్టుకున్నారు, అయిపోనాయి. కొండ దిగినాక పాలేల్ అనో ఏదో ఊరు, అక్కడ సర్కారోళ్ళ పాకలు. డేగిసాల్లో టీ కాచి పోసీవోరట. మాయమ్మ అంతకు మునుపు తాగనేదు. ఆ గుంటడు మా తాత బుజం మీదే ఉన్నాడు, రెండురోజుల్నించి కడుపు కదిలిపోతంది. మాయమ్మ గ్లాసు పట్టుకుని ముందు తను తాగీసింది, ఆకలి మరి, పదకొండేళ్ళది. ఆనక ఆడికి పడదామని సూస్తే ఆడు లేడు. అక్కడే కప్పెట్టీసినారు. కడియం ఒకటే వొచ్చింది, రెండోది ఆ పిల్లడి కాలికే వొగ్గీసినారు.’

పేరు అడిగాను. అత్తకి తెలీదు. నాయనమ్మ ఎప్పుడూ ‘గుంటడు’ అనే అనేదట.

ఇంకోటి. తాతయ్య రోడ్డేసింది ఆ పాలేల్ దగ్గరేనట, తర్వాతి ఏడాది. పెళ్ళయ్యాక గానీ ఇద్దరికీ తెలీలేదు. నక్షత్రాన్నీ కడియాన్నీ ఒకే గుడ్డలో కట్టింది నాయనమ్మే.

చిల్లుకాణీ
రాజా గారూ, కడియం కూడా తోమకండి.